మామూలు మంగళవారానికి స్తోత్రం

గిద్దలూరు, కంభం, మార్కాపురం వైపు క్రైస్తవ కుటుంబాల్లో కృతజ్ఞతా కూడిక అంటే తెలియనివాళ్లుండరు. అబ్బాయికి ఉద్యోగం వచ్చిందనో, కొత్తింటికి స్లాబు పడిందనో, ఆపరేషను అయి అమ్మ క్షేమంగా ఇల్లు చేరిందనో పెడతారు. వాకిట్లో షామియానా, అద్దె కుర్చీలు, ఒక మైకు. వచ్చినవాళ్లు ఒకరికొకరు వందనాలు చెప్పుకుంటారు. రెండు పాటలు, పాస్టరు గారి వాక్యం, ఇంటివాళ్ల సాక్ష్యం, ఆ తర్వాత భోజనాలు. మంచి ఆచారం. పదిమందిని పిలిచి, మాకు జరిగిన మేలు మా గొప్ప వల్ల జరగలేదని ఒప్పుకోవడం చిన్న విషయమేమీ కాదు.

కానీ గమనించండి, ఈ కూడికలన్నిటికీ ముందు ఏదో ఒకటి జరిగి ఉండాలి. ఏమీ జరగని రోజుకు షామియానా వేసిన ఇల్లు నేనైతే చూడలేదు. మంగళవారం వచ్చింది, పోయింది. ఎవరికీ జ్వరం రాలేదు. కరెంటు పోయింది, మళ్లీ వచ్చింది. పప్పన్నం తిన్నాం, పడుకున్నాం. ఇందులో సాక్ష్యం చెప్పడానికి ఏముంది అనుకుంటాం. బైబిలు చెప్పే కృతజ్ఞతలో పెద్ద భాగం మాత్రం సరిగ్గా ఈ మంగళవారానికి సంబంధించిందే. ఆ సంగతి కాస్త నిదానంగా చూద్దాం.

ముందు మన ప్రాంతం గురించి ఒక మాట. ఇది ఎదురుచూపుల సీమ. మొదట వాన కోసం చూస్తాం. కంది పూత మీదున్నప్పుడు ఇంకొక్క తడి పడితే బాగుండునని ఆకాశం వైపు చూస్తాం. మిరప వేసినవాడు ధర కోసం చూస్తాడు. ఇక్కడ పని లేక గుంటూరు వైపు మిరప కోతలకో, హైదరాబాదు, బెంగళూరు కట్టడాల పనులకో పోయినవాళ్ల ఫోను కోసం ఇంట్లో ముసలివాళ్లు చూస్తుంటారు. అన్నిటికంటే పెద్ద ఎదురుచూపు వెలిగొండ ప్రాజెక్టు. శ్రీశైలం నీళ్లను నల్లమల కింద రెండు సొరంగాల్లో తెచ్చి ఈ మెట్టకు పారిస్తామని 1996లో శంకుస్థాపన చేశారు. ఆనాడు పలక పట్టుకుని బడికి పోయిన పిల్లలు ఇవాళ తమ పిల్లల్ని బడికి పంపుతున్నారు. 'వెలిగొండ నీళ్లొస్తే' అని మొదలయ్యే వాక్యం ఇక్కడ ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. పొలం కొనడం, అమ్మడం, పిల్ల పెళ్లి, అప్పు తీర్చడం, అన్నీ ఆ వాక్యం చివర్లో వేలాడుతుంటాయి.

ఈ ఎదురుచూపులో తప్పు లేదు. నీళ్లు అడగడం హక్కు. ఇబ్బంది ఎక్కడంటే, ఏళ్ల తరబడి రేపటి మీదే కళ్లు పెట్టుకున్న మనిషికి ఇవాళ అనేది దాటిపోవాల్సిన అడ్డంకిలా కనబడుతుంది. అది వస్తే అప్పుడు సంతోషిస్తాను, అప్పుడు దేవునికి వందనం చెబుతాను అని మనసు వాయిదా వేస్తుంది. వాయిదా వేసిన కృతజ్ఞత అసలు రోజు వచ్చినప్పుడు కూడా నిలవదు. ఉద్యోగం రాగానే మనసు ప్రమోషను వైపు నడుస్తుంది.

యేసు ఈ వాయిదాకు ఎదురు నడిచాడు. సువార్తల్లో ఆయన తండ్రికి కృతజ్ఞత చెప్పిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. అందులో మూడింటిని పక్కపక్కన పెట్టి చూడండి.

మొదటిది, యోహాను సువార్త 6వ అధ్యాయం. అయిదు వేల మంది మగవాళ్లు, వాళ్లతో వచ్చినవాళ్లు, అందరూ ఆకలితో ఉన్నారు. ఫిలిప్పు లెక్క వేశాడు. రెండు వందల దేనారముల రొట్టెలు తెచ్చినా తలా కొంచెం కూడా రాదన్నాడు. దేనారమంటే అప్పట్లో ఒక రోజు కూలి. ఫిలిప్పు లెక్కలో పొరపాటు లేదు. లోటు నిజం. అంద్రెయ ఒక కుర్రవాణ్ణి చూపించాడు, అతని దగ్గర అయిదు యవల రొట్టెలు, రెండు చిన్న చేపలు. యవలంటే అక్కడ పేదవాళ్ల ధాన్యం. మన వైపు సజ్జరొట్టె అనుకోండి. ఆ అయిదింటినీ చేతిలో పట్టుకుని యేసు కృతజ్ఞత చెప్పాడు. అప్పటికి రొట్టెలు పెరగలేదు. పన్నెండు గంపలు నిండలేదు. చేతిలో ఉన్నది చాలదని అక్కడున్న అందరికీ తెలుసు. ఆ చాలని దానికే ఆయన స్తోత్రం చెల్లించాడు.

రెండోది అదే సువార్త 11వ అధ్యాయం, లాజరు సమాధి. అక్కడ యేసు ఏడ్చాడు. ఏడ్చిన తర్వాత, సమాధి మీద రాయి తీయించి, తండ్రికి కృతజ్ఞత చెప్పాడు. లాజరు బయటికి వచ్చింది ఆ తర్వాత. కన్నీళ్లూ కృతజ్ఞతా ఒకే చోట, ఒకే మనిషిలో, కొద్ది నిమిషాల తేడాతో ఉన్నాయి. ఏడిస్తే విశ్వాసం తక్కువని చెప్పే బోధకులు ఈ అధ్యాయం ఇంకోసారి చదువుకోవాలి.

మూడోది కడరాత్రి భోజనం. తెల్లవారితే సిలువ. ఆ సంగతి తెలిసీ రొట్టె పట్టుకుని కృతజ్ఞత చెప్పి విరిచాడు. ప్రభువు బల్ల దగ్గర మనం ప్రతిసారీ గుర్తు చేసుకునేది ఆ రాత్రినే. అంటే క్రైస్తవ ఆరాధన నడిబొడ్డున ఉన్న కృతజ్ఞత ఒక భయంకరమైన రాత్రి చెప్పిన కృతజ్ఞత.

మూడు సందర్భాల్లోనూ స్తోత్రం ముందు వచ్చింది, ఫలితం తర్వాత వచ్చింది. మన కూడికల్లో ఈ వరస తిరగబడింది. ఫలితం చూశాకే మైకు పట్టుకుంటాం. ఇంతకు మించి ఈ వ్యాసంలో నేను కొత్తగా చెప్పబోయేది లేదు, మిగతాదంతా దీనికి వివరణే.

పాత నిబంధనలో దీనికి మూలం మన్నా కథలో ఉంది. నిర్గమకాండం 16వ అధ్యాయంలో ఎడారిలో నడుస్తున్న జనానికి రోజువారీ రేషను దొరుకుతుంది. తలకు ఒక ఓమెరు కొలత. ఎక్కువ ఏరుకున్నవాడికి మిగల్లేదు, తక్కువ ఏరుకున్నవాడికి తగ్గలేదు. రేపటికని దాచిపెట్టినవాడికి పురుగు పట్టింది. విశ్రాంతి దినం ముందు రోజు మాత్రం రెండు రోజులది ఏరుకోవచ్చు, అది చెడిపోలేదు. నలభై ఏళ్లు ఒక జాతిని ఇలా నడిపించడంలో ఉద్దేశం ఏమిటంటే, ఇవాళ్టి తిండిని ఇవాళే చేతిలోకి తీసుకుని ఇవాళే గుర్తించడం నేర్పడం. ప్రభువు నేర్పిన ప్రార్థనలో కూడా అడిగేది ఆ రోజు ఆహారమే. ఏడాది గింజలు అడగమని ఆయన చెప్పలేదు.

అలాగని గాదెలు నింపుకోవద్దని కాదు. యోసేపు ఐగుప్తులో ఏడేళ్ల పంట దాచి ఏడేళ్ల కరువు దాటించాడు, బైబిలు అతణ్ణి మెచ్చుకుంది. పంటల బీమా కట్టండి, పిల్లల చదువుకు డబ్బు దాచండి. మత్తయి సువార్త 6వ అధ్యాయంలో యేసు వద్దన్నది రేపటి గురించి ఏర్పాటును కాదు, రేపటి గురించి కుమిలిపోవడాన్ని. విత్తనం దాచుకున్నవాడు రాత్రి హాయిగా నిద్రపోవచ్చు. దాచుకుని కూడా నిద్రపట్టనివాడి గురించే ఆ మాట.

యేసు బాగుచేసిన పదిమంది కుష్ఠరోగుల కథ మనందరికీ తెలుసు. లూకా 17వ అధ్యాయం. ఒక్కడే తిరిగొచ్చాడు, వాడు సమరయుడు. మన ప్రసంగాల్లో మిగతా తొమ్మిది మందిని కృతఘ్నులని తిట్టిపోస్తాం. నాకు వాళ్ల మీద కొంచెం జాలి. వాళ్లు చెడ్డవాళ్లని కథ అనడం లేదు. వెళ్లి యాజకులకు కనబడమని యేసే చెప్పాడు, వాళ్లు ఆ పని మీదే పోతున్నారు. యాజకుడు సరేనంటే ఇంటికి పోవచ్చు, పెళ్లాం పిల్లల్ని చూడొచ్చు, పనిలో చేరొచ్చు. వాళ్ల కాళ్లు రేపటి వైపు పరుగెత్తుతున్నాయి. సమరయుడు ఆగాడు. తన చర్మం చూసుకున్నాడు. వెనక్కి తిరిగాడు. ఆగినవాడికీ ఆగనివాడికీ ఉన్న తేడా అంతే.

ఈ కృతజ్ఞత పుట్టుకతో వచ్చే గుణమని చాలామంది అనుకుంటారు. 'ఆమెకేమండీ, ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది, మాకు అలా రాదు' అంటారు. పౌలు అలా అనలేదు. ఫిలిప్పీ సంఘానికి చెరసాల నుంచి రాసిన పత్రిక చివర్లో, ఉన్నా లేకున్నా తృప్తిగా ఉండటం తాను నేర్చుకున్నానని చెప్పాడు. నేర్చుకున్నాడు కాబట్టి ఒకప్పుడు రాదన్నమాట. సైకిలు తొక్కడంలా అభ్యాసంతో వచ్చే విద్య ఇది. అభ్యాసం కావాలంటే దానికి చేతికి అందే పని ఒకటి ఉండాలి. మన పెద్దలు అలాంటి పనులు ఏర్పాటు చేశారు, మనం కొన్నింటిని మర్చిపోయాం.

ఆ పెద్దల కథకు మన నేలే సాక్షి. గిద్దలూరు పక్కన పారే సగిలేరు దక్షిణానికి దిగి పెన్నలో కలుస్తుంది. నల్లమలలోనే పుట్టిన గుండ్లకమ్మ మాత్రం ఈశాన్యానికి తిరిగి, కంభం చెరువు నింపి, మార్కాపురం మీదుగా, అద్దంకి దాటి ఒంగోలు వైపు సముద్రానికి పోతుంది. ఆ నది ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 1878 జూలైలో జరిగిన సంఘటన ప్రపంచ క్రైస్తవ చరిత్రలోకెక్కింది.

అంతకు ముందు 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిలో ఘోరమైన కరువు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. ఆ కూలీల్లో చాలామంది మాదిగలు. వాళ్లలో సువార్త కొత్తది కాదు. పదేళ్ల ముందే, 1866లో, తాళ్లకొండపాడు వాసి ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. పేరయ్య తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగేవాడు, తిరిగిన ప్రతి ఊళ్లోనూ తనవాళ్లకు చెప్పేవాడు. 1867 జనవరిలో క్లౌ తాళ్లకొండపాడు వెళితే, చింతతోపులో జనం తమ తిండి తాము తెచ్చుకుని రోజుల తరబడి కూర్చుని విన్నారు. అక్కడే 28 మంది బాప్తిస్మం పొందారు.

కరువు రోజుల్లో కాలువ పని దగ్గర బాప్తిస్మం అడిగినవాళ్లు కొల్లలు. క్లౌ ఇవ్వలేదు. పదిహేను నెలల పాటు ఆపాడు. కూలి పెట్టిన చేతి మీద పుట్టిన కృతజ్ఞత వేరు, దేవుని మీద విశ్వాసం వేరు, రెంటినీ కలిపేస్తే రెంటికీ నష్టమని ఆయన భయం. కరువు సాయం ముగిసి, పంచడానికి ఏమీ మిగలని తర్వాత కూడా జనం వచ్చారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మొత్తం 3,536 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం పొందారు. గంజి కోసం మారారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అనేవాళ్లున్నారు. కులం మోసిన బరువు, గౌరవం మీద ఆశ, కరువు దెబ్బ, పేరయ్య లాంటివాళ్ల మాట, అన్నీ కలిసే ఆ జనాన్ని నది దాకా నడిపించి ఉంటాయి. మనుషులు ఒక్క కారణంతో కదలరు. కానీ క్లౌ వేసిన ప్రశ్న ఇప్పటికీ పదునైనదే. గంజి ఆగిపోయాక కూడా స్తోత్రం మిగులుతుందా?

గిద్దలూరు వైపు వచ్చిన మిషను వేరు. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా గిద్దలూరు, మార్కాపురం కర్నూలు జిల్లాలోనివి. కంభం, మార్కాపురంలో బాప్టిస్టులు పనిచేస్తే, ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాల, గిద్దలూరు వైపు ఎస్.పి.జి. అనే ఆంగ్లికన్ మిషను పనిచేసింది. ఆ సంఘాలు తర్వాత దోర్నకల్ అధ్యక్ష ఖండంలో చేరాయి.    మనకు కావలసింది దోర్నకల్ నుంచి వచ్చిన ఒక అలవాటు.

దోర్నకల్ మొదటి బిషప్ వేదనాయకం సామ్యూల్ అజరయ్య. తిరునల్వేలి వైపు తమిళుడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. ఆయన కింద ఉన్న క్రైస్తవుల్లో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. ఇవ్వడానికి వాళ్ల దగ్గర ఏముందని ఆయన్ని అడిగినవాళ్లు ఉండే ఉంటారు. ఆయన అలా అనుకోలేదు. పేదవాడు ఎప్పుడూ చెయ్యి చాచేవాడే అనుకోవడం పేదవాణ్ణి అవమానించడమేనని ఆయన వైఖరి. క్రైస్తవులు ఇవ్వడం గురించి ఒక పుస్తకమే రాశాడు. ఆయన అధ్యక్ష ఖండంలో బాగా వేళ్లూనుకున్న ఆచారం పిడికెడు బియ్యం.

దీన్ని దగ్గరగా చూడాలి. ఇంటావిడ వంటకు బియ్యం కొలుస్తుంది. ఎసట్లో పోయకముందే అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న చిన్న కుండలో వేస్తుంది. పూటపూటకూ అదే పని. ఆదివారం నాటికి ఆ కుండలో చేరిన బియ్యం గుడికి పోతుంది, అక్కడ అమ్మగా వచ్చిన డబ్బు సంఘం అవసరాలకు. మిజోరంలోనూ ఇలాంటిదే 1910 నుంచి నడుస్తోంది, అక్కడి సంఘాలకు అదే పెద్ద ఆదాయ మార్గమైంది.

ఆ పిడికెడులో సంగతి ఏమిటంటే, అది పంట వచ్చాక ఇచ్చేది కాదు, పండగకు ఇచ్చేది అసలే కాదు. అన్నం వండుతున్నాం కాబట్టి ఇచ్చేది. ఇవాళ ఎసరు పెట్టడానికి గింజలున్నాయి, అంతే కారణం. బియ్యం తక్కువున్న పూట పిడికిలి కొంచెం బిగుసుకుంటుందేమో, కానీ చెయ్యి కుండ దాకా పోతుంది. ఆ చెయ్యి పోయిన ప్రతిసారీ, ఇది నాకు వచ్చిందే గాని నేను పుట్టించింది కాదని ఆ ఇల్లాలి వేళ్లకు గుర్తొస్తుంది. మాటతో చెప్పే స్తోత్రం నోటికి అలవాటైపోయి అర్థం పోగొట్టుకోవచ్చు. పిడికెడు బియ్యం తగ్గిన సంగతి మాత్రం అన్నం కుండకు తెలుస్తుంది.

దాని పెద్దక్క కోత పండుగ. తెలుగు సంఘాల్లో పంట చేతికొచ్చే రోజుల్లో ఒక ఆదివారం జరుపుతారు. కందులు, సజ్జలు, గుమ్మడికాయలు, సొరకాయలు, కోడిపెట్ట, గుడ్లు, చీరె కొంగులో చుట్టి తెచ్చిన నిమ్మకాయలు, ఎవరికి ఉన్నది వాళ్లు బలిపీఠం ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వేలం. ఈ వేలం చూసి తీరాలి. రెండు రూపాయల నిమ్మకాయ రెండు వందలకు పోతుంది. పాట పెంచినవాడు అదే కాయను మళ్లీ సంఘానికే ఇచ్చేస్తాడు, మళ్లీ వేలం. నవ్వులు, కేకలు, పిల్లల అల్లరి. బయటినుంచి చూసినవాడికి ఇదేం లెక్క అనిపిస్తుంది. లెక్క తప్పడమే అక్కడి ఆనందం. ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయంలో ప్రథమ ఫలాల గంప తెచ్చినవాడు, పరదేశితో, లేవీయుడితో కలిసి సంతోషించాలని ఉంది. ఒంటరిగా చెప్పుకునే కృతజ్ఞతను బైబిలు పెద్దగా ఎరగదు.

సువార్తికుడు బక్త్ సింగ్ మొదలుపెట్టిన సహవాసాల్లో ఇంకో పద్ధతి. హైదరాబాదులోని వాళ్ల కేంద్రం హెబ్రోను నుంచి పల్లెల దాకా ఆదివారం ఆరాధనలో ఎవరైనా లేచి దేవునికి స్తుతి చెల్లించవచ్చు. బడికి పోని ముసలమ్మ కూడా లేస్తుంది. ఆ తర్వాత ప్రేమ విందు, అందరూ ఒక పంక్తిలో. ఊళ్లో ఎవరి మాటా లెక్కలోకి రాని మనిషి, తన నోటితో తన వారం గురించి పదిమందిలో దేవునితో మాట్లాడటం ఆ మనిషికి ఎంత బలమో వేరే చెప్పాలా.

ఇప్పుడు చేదు సంగతి. కృతజ్ఞత పేరుతో మనుషుల్ని నోరు మూయించడం కూడా జరుగుతుంది.

మన ఊళ్లలో బోరు వేసే రాత్రి ఎలా ఉంటుందో చూసినవాళ్లకు తెలుసు. లారీ వస్తుంది. కేసింగు దిగుతుంది. అడుగుకింత అని బేరం. ఇంటిల్లిపాదీ చేలో నిలబడతారు, భర్త అడుగులు లెక్కపెడుతుంటాడు, భార్య కళ్లు మూసుకుని ప్రార్థిస్తుంటుంది. మూడొందలు, నాలుగొందలు, పైకి తెల్ల దుమ్మే లేస్తుంది. కొంచెం తడి కనబడితే అందరూ ముందుకు వంగుతారు. మళ్లీ దుమ్ము. నీళ్లు పడితే ఆ ఇంటివాళ్లు ఆదివారం సాక్ష్యం చెబుతారు, సంఘమంతా చప్పట్లు కొడుతుంది. పడకపోతే? ఆ ఇంటివాళ్లు ఆదివారం వెనక వరుసలో కూర్చుని, ఆరాధన కాగానే తలొంచుకుని వెళ్లిపోతారు. అప్పు మిగిలింది, పైగా మన విశ్వాసం చాలలేదేమో అన్న సిగ్గొకటి. ఎవరైనా వచ్చి 'దీనికి కూడా స్తోత్రం చెప్పు బ్రదర్' అంటే అది ఓదార్పు కాదు, పుండు మీద కారం.

పౌలు పత్రికల్లో అన్ని స్థితుల్లోనూ, అన్నింటి గురించీ కృతజ్ఞత చెప్పమని ఉన్నమాట నిజమే. ఆ మాటల్ని ఎత్తి చూపేవాళ్లు, అదే పౌలు ఏడ్చేవారితో ఏడవమని రాశాడన్నది కూడా చెప్పాలి. కీర్తనల గ్రంథంలో స్తుతులు ఎన్ని ఉన్నాయో మొరలూ అంత బలంగా ఉన్నాయి. 13వ కీర్తన ఇంకెన్నాళ్లని దేవుణ్ణే నిలదీస్తుంది. 88వ కీర్తన చీకట్లోనే ముగుస్తుంది, ఆ చీకటికి దీపం పెట్టకుండానే దాన్ని బైబిల్లో ఉంచారు. చెడును మంచి అనడం కృతజ్ఞత కాదు. ఎండిన బోరును చూసి బోరు ఎండిందనే చెప్పాలి.

హబక్కూకు ప్రవక్త చేసింది అదే. ఆయన గ్రంథం మూడో అధ్యాయం చివర లేనివాటి జాబితా ఉంటుంది. అంజూరపు పూత లేదు, ద్రాక్ష కాపు లేదు, ఒలీవ పంట పోయింది, పొలంలో గింజ లేదు, దొడ్లో గొర్రె లేదు, కొట్టంలో పశువు లేదు. అంజూరం తీసి కంది పెడితే గిద్దలూరు రైతు రాసుకున్నట్టే ఉంటుంది. ఒక్కటీ దాచలేదు, అన్నీ పేరు పెట్టి చెప్పాడు. చెప్పాక, అయినా నా దేవునిలో ఆనందిస్తానన్నాడు. ఆ 'అయినా' అనేదానికి బరువు వచ్చింది ముందున్న జాబితా వల్లనే. జాబితా చదవకుండా ఆనందం దగ్గరికి దూకే ప్రసంగాలు అందుకే తేలిపోతాయి.

అలాగే, కృతజ్ఞత ఉన్నవాడు హక్కులు అడగకూడదని ఎక్కడా లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ మతం తీసుకున్న దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ ఉత్తర్వును సవరించారు, క్రైస్తవులకు సవరించలేదు. దాని మీద అడగడం కృతఘ్నత ఎలా అవుతుంది? వెలిగొండ కోసం ధర్నాలో కూర్చున్నవాడు మధ్యాహ్నం అన్నం పొట్లం విప్పి కళ్లు మూసుకుని స్తోత్రం చెప్పుకోవచ్చు. మళ్లీ నినాదం అందుకోవచ్చు. రెండు పనులకూ ఒకే నోరు సరిపోతుంది.

ఇచ్చినవాడికే దీవెన, కానుక పెంచితే మేలు పెరుగుతుంది అనే బోధ గురించి ఎక్కువ చెప్పను. అది కృతజ్ఞత కాదు, అడ్వాన్సు.

మరి ఇంట్లో కృతజ్ఞతను అభ్యాసం చేయడం ఎలా? 2003లో అమెరికాలో రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెకల్లో అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక పరిశోధన ప్రచురించారు. కొంతమంది విద్యార్థుల చేత వారానికొకసారి, పది వారాల పాటు, తాము కృతజ్ఞతగా ఉన్న విషయాలు అయిదు దాకా రాయించారు. ఇంకొందరి చేత చిరాకులు రాయించారు, మరికొందరి చేత ఊరికే జరిగిన సంగతులు. మొదటి గుంపువాళ్లు జీవితం గురించి మెరుగ్గా చెప్పుకున్నారు, ఒంటి నొప్పుల ఫిర్యాదులు తగ్గాయి. తర్వాత వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే లాభం ఉందిగానీ అది చిన్నదేనని తేలింది. కాబట్టి ఇది మందు కాదు. నెలల తరబడి నిద్ర లేక, ఏడుపు ఆగక, బతకాలనిపించక ఉన్నవాళ్లు ప్రార్థనతో పాటు డాక్టరు దగ్గరికి పోవాలి. పోవడం అవిశ్వాసం కాదు.

క్రైస్తవ అభ్యాసానికీ ఆ నోటుపుస్తకానికీ తేడా, ఇక్కడ వినేవాడు ఒకడున్నాడు. మేలు జరిగిందని ఊరుకోకుండా, ఇచ్చినవాడితో మాట్లాడటం. 16వ శతాబ్దంలో ఇగ్నేషియస్ లొయోలా తన శిష్యులకు రోజును వెనక్కి తిరిగి చూసుకునే ప్రార్థన నేర్పాడు. దాని మొదటి మెట్టు కృతజ్ఞతే, తప్పులు ఒప్పుకోవడం తర్వాత. ఆ వరస నాకు నచ్చుతుంది. మనం రాత్రి ప్రార్థనలో ముందు పాపాలు, తర్వాత అక్కరలు చెప్పి, చివర్లో నిద్రమత్తులో 'అన్నిటికీ స్తోత్రం' అనేసి దుప్పటి లాక్కుంటాం. ఆ 'అన్నిటికీ'లో ఏదీ ఉండదు.

దాన్ని విడదీయండి. పేరు పెట్టి చెప్పండి. ప్రభువా, ఇవాళ ట్యాంకరు వేళకు వచ్చింది, రెండు బిందెలు ఎక్కువ దొరికాయి. కంభం బస్సులో కండక్టరు చిల్లర లేకపోయినా దింపేయలేదు. పాపకు లెక్కలు వచ్చాయి. మామగారు తిట్టలేదు. నీ పిల్లనైన నాకు ఇవి కనబడ్డాయి, వందనాలు. ఇంత చిన్నవి దేవునికి చెబుతారా అని సిగ్గుపడకండి. చిన్నవి చెప్పడం అలవాటైతే పగలు కూడా కళ్లు వాటిని వెతుకుతాయి, కొన్నాళ్లకు వెతక్కుండానే కనబడతాయి. ఏమీ తోచని రాత్రి ఒక్కటే చెప్పండి. అదీ తోచకపోతే 13వ కీర్తనలా మొర పెట్టండి, అదీ ప్రార్థనే.

దేవునికి చెప్పిన కృతజ్ఞత మనుషుల దాకా రాకపోతే అనుమానించాల్సిందే. జ్వరానికి మాత్రలు తెచ్చిచ్చిన ఆశా కార్యకర్తకు, పొద్దున్నే పాలు పోసే అమ్మకు, ఏ మతంవాళ్లయినా సరే, నోరు తెరిచి చెప్పాలి. 'మా దేవుడే మీ చేత చేయించాడు' అని ఆమెకు ప్రసంగం చేయనక్కర్లేదు. మంచిది తల్లీ అంటే చాలు. పిడికెడు బియ్యం మళ్లీ మొదలుపెట్టదలిస్తే గుడికే ఇవ్వాలని లేదు, వలస పోయినవాళ్ల ఇంట్లో ఒంటరిగా ఉన్న ముసలాయనకు వారానికి ఒక పూట అన్నం అయినా అదే లెక్క. పిల్లల చేత వేయించండి. వాళ్ల పిడికిలి చిన్నది, కుండ నిండటం ఆలస్యం కావచ్చు, అలవాటు మాత్రం త్వరగా పడుతుంది.

ఇక మన ప్రాంతపు పాస్టరు గార్లకు, సంఘ పెద్దలకు ఒక మనవి. డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధనలో సాక్ష్యాలకు సమయం ఇస్తారు. ఉద్యోగం వచ్చినవాళ్లు, ఇల్లు కట్టినవాళ్లు, వీసా వచ్చినవాళ్లు వరసగా నిలబడతారు. ఈసారి వాళ్లకంటే ముందు, బోరు పడనివాళ్లను, పరీక్ష పోయినవాళ్లను, ఈ ఏడు ఇంటి మనిషిని మట్టిలో పెట్టి వచ్చినవాళ్లను పిలవండి. ఫలితం చెప్పమని అడగొద్దు. ఏడిస్తే ఆపొద్దు. ఈ సంవత్సరం ఎవరు వాళ్లకు అన్నం పెట్టారో, ఎవరు పక్కన కూర్చున్నారో చెప్పమనండి. మైకు వాళ్ల చేతికివ్వండి, ఎంతసేపైనా సరే వినండి.